రేవు మజిలీ, రాయపూర్ దారి

ప్రయాణం చేసి వచ్చినవాని మాటకు లోకంలో ఎప్పుడూ ఆదరం ఉన్నది. ఇంటిపట్టున ఉన్నవాడు అతని నోట దేశాంతర వార్తలు విని తృప్తి పడతాడు. కాని ప్రయాణం చేసినంత మాత్రాన చూచినట్లు కాదు. చూచినంత మాత్రాన వ్రాయగలిగినట్లు అంతకంటె కాదు. తెలుగు పత్రికల ఆదివారపు అనుబంధాలలో ఇటీవల కనిపిస్తున్న ఒక జాతి రచనను పరిశీలించేటప్పుడు ఈ తేడా పదే పదే జ్ఞాపకం వస్తుంది. విహారనౌకలో బయలుదేరిన ప్రయాణికుడు దారిలో ఏదో ఒక రేవుపట్టణంలో ఒక పూట దిగి, సాయంకాలానికి మళ్లీ ఓడ ఎక్కి, ఆ పూటను గురించి వ్రాసే వ్యాసమది. పేరు పెట్టవలసి వస్తే దానిని రేవు మజిలీ రచన అనవచ్చు.

ఆ రేవు ఏ ఏడెనో, ఏ కొలంబోనో అయినంతకాలం ఈ రచనను గురించి పట్టించుకోవలసిన అవసరం తెలుగు విమర్శకు అంతగా కలగలేదు. వ్రాసినవాడు చూచినదే పాఠకునికి ప్రమాణం. సరిచూచుకొనే వీలు లేదు. ఇప్పుడు ఆ ఓడ మన గుమ్మంలోనికే వచ్చినది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖపట్నంలో ప్రయాణికులను ఎక్కించుకొని బయలుదేరినది. 2023 సెప్టెంబరులో అదే రేవులో విహారనౌకలకోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ ప్రారంభమైనది. 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే నౌక అక్కడ ఆగినది. గదులను సొంతం చేసుకొని అందులోనే కాపురముంటూ లోకం తిరిగేవారి ఓడ అది. ప్రపంచమే విశాఖకు వచ్చి వెళ్లినదని కొందరు చమత్కరించకపోలేదు. ఏమైనా, ఇంతకాలం ఇతరుల రేవులను చూచి వ్రాసిన తెలుగువానికి, తన రేవును ఇతరులు ఎట్లా చూస్తారో తెలిసివచ్చే అవకాశం కలిగినది. అంతకంటె విచిత్రమేమంటే, తెలుగువాడే ఓడ ఎక్కి తన రేవును తానే పరాయివానివలె చూచి వ్రాయడం మొదలైనది.

ఈ రచనల నమూనా దాదాపు ఒక్కటే. తెల్లవారుజామున ఓడ పైతట్టు మీద నిలబడి, పొగమంచులో కొండను చూడడంతో ఆరంభం. తరువాత రేవు ముఖంలోని మూడు కొండలు, ఒకదానిమీద వెంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద మేరీమాత చర్చి, ఒకదానిమీద దర్గా; వాటిని చూచి మతసామరస్యాన్ని గురించి రెండు వాక్యాలు. ఆపైన బస్సు. కైలాసగిరి, ఋషికొండ, ఒడ్డుకెక్కించి ప్రదర్శనశాలగా మార్చిన కుర్సురా జలాంతర్గామి. తీరిక ఉంటే సింహాచలం, లేకపోతే తొట్లకొండ. మధ్యాహ్నం చేపల భోజనం. సాయంత్రం ఓడ కూత. ఒక్క పూటలో ఇంత చూచినందుకు ఆనందం, ఇంకా చూడలేకపోయినందుకు విచారం. వ్యాసం ముగిసినది. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ కొండలున్నవి, ఆ గుళ్లున్నవి. కాని పది వ్యాసాలు చదివిన పాఠకుడు వాటిలో ఏది ఎవరిదో చెప్పలేడు. వాక్యాల కర్తను చూస్తే కారణం కొంత తెలుస్తుంది. మేము దిగాము, మేము చూచాము, మేము తిన్నాము, మేము ఎక్కాము. ఊరు ఎక్కడా కర్త కాదు. ఊరిలోని మనిషి ఏ వాక్యంలోనూ ఏ పనీ చేయడు. చేస్తే గిస్తే నవ్వుతాడు.

ఇది కాలం చాలకపోవడం వల్ల కలిగిన లోపమని సమర్థించేవారున్నారు. ఎనిమిది గంటలలో ఎవరైనా ఎంత చూడగలరు అని వారి ప్రశ్న. ఈ సమర్థన నిలవదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మదరాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరినాడు. వెంట నూరుమందికి పైగా పరివారం. పదిహేను నెలల ప్రయాణం పెద్దదే అయినా, దానిని మజిలీలుగా విడదీస్తే ఒక్కొక్క ఊరికి అతడు ఇచ్చిన కాలం చాలచోట్ల ఒక రాత్రి మాత్రమే. ఆ ఒక్క రాత్రిలోనే ఊరిలో ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్లు ఎట్లా ఉన్నవి, దిగడానికి వసతి ఉన్నదా, నేల ఎటువంటిది, అక్కడినుంచి దారి ఎట్లా సాగుతుంది అని కనుక్కొని వ్రాసినాడు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసి పని చేసినవాడు కనుక, అడిగి తెలుసుకోవడం అతనికి వృత్తిధర్మం. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఆ సంగతులు వ్రాసి పంపడం, ఆయన వాటిని 1838లో అచ్చు వేయించడం వాఙ్మయ చరిత్ర ఎరిగిన విషయాలే. ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ చదివిస్తున్నదంటే దానిలోని వర్ణనలవల్ల కాదు. వర్ణనలు నిజానికి తక్కువ. తరువాత ఆ దారిన వచ్చేవానికి ఏది పనికివస్తుందో ఆ మాట చెప్పాలనే బాధ్యతవల్ల. విహారనౌక ప్రయాణికునికి తరువాత వచ్చేవాడు కనిపించడు. తన వెనుక ఎవరూ రారన్నట్లు వ్రాస్తాడు.

కాబట్టి కాలం కొరత అసలు లోపం కాదు. లోపం ప్రశ్నలో ఉన్నది. ఇక్కడ తెలుగువారి సొంత సంప్రదాయంలోని ఒక గ్రంథాన్ని తలచుకోవడం అవసరం. మధిర సుబ్బన్న దీక్షిత కవి పన్నెండు భాగాలుగా వ్రాసిన ‘కాశీ మజిలీ కథలు’ను పండితులు చాలకాలం పిల్లల కాలక్షేపంగానే పరిగణించినారు. అది అన్యాయం. మజిలీని గురించి తెలుగులో ఉన్న అలంకారశాస్త్రం ఏదైనా ఉంటే అది ఆ కథల చట్రంలోనే ఉన్నది. మణిసిద్ధుడనే యతికి కాశీదాకా తోడు కావలెను. పశువులు కాచుకొనే పిల్లవాడు ఒకడు వస్తానంటాడు, కాని ఒక షరతు మీద. ప్రతి మజిలీలోనూ తనకు ఒక కథ చెప్పవలెను. అంతటితో ఊరుకుంటే అది మామూలు కథామాలిక అయ్యేది. ఊరు చేరగానే ఆ గోపకుమారుడు వీధులలోకి పోతాడు. అక్కడ ఏదో ఒక వింత చూస్తాడు. పరుగున వచ్చి, స్వామీ, ఇది ఏమి, ఇట్లా ఎందుకున్నది అని అడుగుతాడు. మణిప్రభావంవల్ల యతి దాని వృత్తాంతం తెలుసుకొని చెప్పుతాడు. కథ మజిలీలో మొదలైనా మజిలీలో నిలవదు. ఆ వింత ఏ దేశాన పుట్టినదో, ఏ కాలాన జరిగినదో అక్కడికి పోతుంది.

ఈ చట్రాన్ని ఇప్పటి నౌకామజిలీ రచనల పక్కన పెట్టి చూస్తే ఏమి పోయినదో స్పష్టమవుతుంది. యతి ఉన్నాడు. అతడు ఇప్పుడు బస్సులో శబ్దయంత్రం పట్టుకొని నిలబడి, ఎవరూ అడగకముందే అన్నీ చెప్పుతున్నాడు. లేనిది పశులకాపరి పిల్లవాడు. వింతను తానే కనిపెట్టి, దానికి జవాబు చెప్పేదాకా అన్నం ముట్టనని మొండికేసే పిల్లవాడు లేడు. అడిగేవాడు లేని మజిలీలో కథ పుట్టదు, కరపత్రం పుట్టుతుంది.

విశాఖ రేవులో ఓడ దిగిన ఆ పిల్లవాడు ఏమి అడుగుతాడు? గుళ్లను గురించి అడగడు. అవి తన ఊళ్లోనూ ఉన్నవి. బహుశా అతని మొదటి ప్రశ్న ఎదుట ఉన్న కొండ పేరు గురించే అవుతుంది. సముద్రంలోనికి ముక్కు చాచిన ఆ కొండకు డాల్ఫిన్స్ నోస్ అని పేరు. ఆ పోలిక ఓడ మీదినుంచి చూచిన పరదేశి కంటికి తోచినది. వెనుకవైపు యారాడ పల్లెవారికి అది యారాడ కొండ. రెండు పేర్లూ ఒకే రాతివే. ఒకటి నీటిమీదినుంచి పెట్టినది, ఒకటి నేలమీదినుంచి పెట్టినది. అచ్చులో నిలిచినది మొదటిదే. తెలుగు రచయితలు సైతం తెలుగు వాక్యంలో ఆ ఇంగ్లీషు పేరునే వ్రాస్తారు; ఎవరికీ వింతగా తోచదు. వైజాగపటాం, బిమ్లీపటాం, కోకనాడ అనేవి ఓడల పట్టికలలో పుట్టిన ఉచ్చారణలు. అవి పోయినవి. కొండ మాత్రం ఇంకా ఓడవాని సొత్తుగానే ఉన్నది.

పేర్ల సంగతిలో దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ కోరంగి. గోదావరి ముఖంలోని ఆ రేవు 1839 ఉప్పెనలో దెబ్బతిని మళ్లీ పూర్వపు దశకు రాలేదు. కాని బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారిని అక్కడివారు ఏ ఊరివారైనా కోరంగీలనే పిలిచినారు. రేవు పోయిన తరువాత రేవు పేరు మనుషులకు అంటుకొన్నది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు తిరిగివచ్చినవారిలో ఆ పేరు మోసినవారెందరో ఉన్నారు. రేవును గురించి వ్రాయడమంటే అక్కడ దిగినవానిని గురించే కాదు, అక్కడ ఎక్కి వెళ్లినవానిని గురించి కూడా. మజిలీ రచనలో ఎక్కి వెళ్లేవాడు వ్యాసకర్త ఒక్కడే. మిగిలినవారందరూ ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతారు.

పిల్లవాని రెండవ ప్రశ్నకు వద్దాం. ఇదే అసలైనది. రేవు ధక్కాల దగ్గర నల్లగా ఒక రాశి, ఎర్రగా ఒక రాశి పోసి ఉంటుంది. నల్లనిది బొగ్గో మాంగనీసు రాయో, ఎర్రనిది ఇనుపరాయి. గాలి వీస్తే ఆ ధూళి పట్టణంలో ఇళ్లమీద పడుతుందని విశాఖవాసులు ఏళ్ల తరబడి మొరపెట్టుకొంటున్నారు. విహారవ్యాసాలలో ఈ రాశులు కానరావు. వచ్చినా ప్రకృతి సౌందర్యానికి మచ్చగా ఒక్క విశేషణంతో తప్పించబడతాయి. స్వామీ, ఈ నల్లరాయి ఇక్కడిది కాదే, ఎక్కడినుంచి వచ్చినది అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పడానికి యతి ఐదువందల కిలోమీటర్లకు పైగా వెనుకకు, రాయపూర్ దాకా, పోవలసి ఉంటుంది.

రేవు కంటె రేవు ఆలోచన ముందు పుట్టినది. 1858లోనే ఆంగ్లేయులు అక్కడ మొదటి పరిశీలన చేసినారు. 1877లో వెలువడిన ఒక నివేదికకు ‘విశాఖపట్టణం: మధ్యపరగణాల రేవు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. ఆ పేరును కొంచెం నిలిచి చదవవలెను. విశాఖ తెలుగువారి రేవు అని కాదు, మదరాసు రాజధానిలోని రేవు అని కాదు, మధ్యపరగణాల రేవు. మధ్యపరగణాలకు సముద్రం లేదు. వాటి తూర్పు భాగమైన ఛత్తీస్‌గఢ్ దేశానికి రాయపూర్ ముఖ్యపట్టణం. అదే 1877లో పద్నాలుగేండ్ల బాలుడు నరేంద్రనాథ దత్తు, తరువాతి కాలపు వివేకానందుడు, తండ్రి వద్దకు రాయపూర్ చేరినప్పుడు రైలు దిగి అడవులవెంట ఎడ్లబండిలో రావలసి వచ్చినది. రైలు లేని ఊరికి, రేవు లేని తీరాన, కాగితంమీద సముద్రద్వారం ఏర్పడినదన్నమాట.

కాగితానికి ముందు కూడా దారి ఒకటి ఉన్నది. లంబాడీలు గంజాం, విశాఖ తీరాలనుంచి ఎద్దులమీద ఉప్పు ఎక్కించుకొని కొండలు దాటి ఛత్తీస్‌గఢ్ వైపు పోయి, తిరిగివచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. సముద్రాన్ని చూడని ఊళ్లు సముద్రాన్ని రుచితో ఎరుగుదురు. ఈ ఒక్క సంగతి చాలు, నిజమైన కథకుని చేతిలో పడితే.

తరువాత రైలు. విజయనగరం నుంచి పార్వతీపురం వరకు 1908–09లో మార్గం పడినది. అక్కడినుంచి రాయగడ, తిత్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ దాకా పూర్తి కావడానికి 1931 వచ్చినది. మొదటి మహాయుద్ధం తరువాత మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట రేవు కట్టాలన్న కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ప్రతిపాదన అంగీకరింపబడినది. ఉప్పుటేరును, చిత్తడినేలను తవ్వి లోపలి రేవును తయారుచేసినారు. అలల దెబ్బకు అడ్డుగా రెండు పాత ఓడలను తెచ్చి అక్కడే ముంచినారు. రైలు 1931లో, రేవు 1933లో. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. మాంగనీసు సముద్రం చేరడానికి దారి ముందు, గుమ్మం తరువాత.

ఇంత చేసి, 1933 అక్టోబరు 7న ఆ రేవులో మొదట ప్రవేశించినది ఖనిజపు ఓడ కాదు. సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల నౌక. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా రేవును ప్రారంభించినాడు. రాతికోసం తవ్విన రేవులో మొదట మనుషులు దిగినారు. అప్పటినుంచి ఆ రేవును గురించిన వ్రాతలో మనుషులు దిగే కథ ఒకటి, రాయి ఎక్కే కథ ఒకటి విడివిడిగా నడుస్తున్నవి. రెండవ కథకు వాఙ్మయంలో చోటు దొరకలేదు. అది లెక్కల పుస్తకాలలో ఉండిపోయినది. 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్‌కు రైలుమార్గం వేసి బైలదిల్ల ఇనుపరాయిని జపానుకు పంపడం మొదలైనప్పుడూ అంతే. ఆ దారిలోని అరకు లోయ, బొర్రా గుహలు విహారవ్యాసాలకు ఎక్కినవి. పక్క పట్టామీద ఎదురుగా వచ్చిన రాతిబండి ఎక్కలేదు. దండకారణ్యపు కొండ ఒకటి పెట్టెలు పెట్టెలుగా సముద్రానికి నడిచిపోతుంటే దానిని చూడకుండా లోయలోని కాఫీతోటను చూడగలగడం సామాన్యమైన నేర్పు కాదు.

విశాఖను వ్రాసిన తెలుగు రచయితలు లేరా అంటే, ఉన్నారు, గొప్పవారున్నారు. శ్రీశ్రీ అక్కడ పుట్టినాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి అక్కడ న్యాయవాదిగా జీవించి, ఆ పట్టణపు కోర్టు వసారాలను, సారా అంగళ్లను, పోలీసు ఠాణాలను, వాటిమధ్య నలిగిన పేదవాని భాషను తెలుగు కథలోనికి తెచ్చినాడు. ‘అల్పజీవి’ మొదలుకొని ‘ఆరు సారా కథలు’, ‘రత్తాలు–రాంబాబు’ వరకు ఆయన చూపిన విశాఖకు నౌకావ్యాసాల విశాఖతో పోలికే లేదు. ఓడ పైతట్టునుంచి చూచిన ఊరు కాదది. ఊరు తనను తాను చూచుకొన్నది. మజిలీ రచనలో కర్త కాలేని మనిషి ఆయన కథలలో కర్త, కర్మ, క్రియ అన్నీ తానే. అయితే ఆ చూపు పట్టణంలోని మనిషిమీద నిలిచిన చూపు. రేవుకు వెనుక ఉన్న దేశం అందులోకి రావలసిన అవసరం ఆ కథలకు లేదు. అది ఆయన లోపం కాదు, తరువాతివారికి మిగిలిన పని. విశాఖలోనే ఉంటూ కాలినడకన దేశం తిరిగి ‘భ్రమణకాంక్ష’ వ్రాసిన ఆచార్య ఎం. ఆదినారాయణ, ఓడకు పూర్తిగా ఎదుటి కొసన నిలబడినవాడు. కాలినడకవానికి ప్రతి ఊరూ మజిలీయే. ప్రతి ఊరిలోనూ మంచినీళ్లు అడగవలసినదే. అడగడం తప్పనివాడు చూడకుండా ఉండలేడు. ఆయన పుస్తకాన్ని నౌకావ్యాసకారులు ఓడ ఎక్కేముందు చదివితే బాగుండును.

మిగిలిన ఆ పని ఎవరిది అన్నప్పుడు రాయపూర్ తెలుగువారు గుర్తుకు రావలెను. రైల్వే ఉద్యోగాల వెంట, వాగన్ల మరమ్మతు కార్ఖానా వెంట, కూలిపనుల వెంట, చిన్న వ్యాపారాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి ఆ దారిన పోయి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నవి. పక్కనే 1950లలో వెలసిన భిలాయి ఉక్కునగరంలో ఇంకా ఎక్కువ. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమై, రాయపూర్ రాజధాని అయిన తరువాత ఆ సంఖ్య పెరిగినదే కాని తగ్గలేదు. వారి పిల్లలు ఇంట తెలుగు మాట్లాడి, బడిలో హిందీ చదివి, వీధిలో ఛత్తీస్‌గఢీ వింటారు. తెలుగు సాహిత్య పటంలో వారు ఎక్కడున్నారు? ప్రవాసాంధ్రులన్న పెద్ద మాటలో రంగూను, మారిషస్, అమెరికాలు ఇమిడినంత సులభంగా రాయపూర్ ఇమడదు. అది విదేశం కాదు, స్వదేశమూ కాదు. ఒక రాత్రి రైలు దూరం.

ఆ ఒక రాత్రి దూరంలోనుంచి విశాఖ ఎట్లా కనిపిస్తుందో వ్రాయగలిగినవారు వారే. ఓడలో వచ్చినవానికి విశాఖ వీధిగుమ్మంనుంచి కనిపిస్తుంది. రాయపూర్‌నుంచి వచ్చినవానికి పెరటిగుమ్మంనుంచి. అతడు ముందు చూచేది సముద్రాన్ని కాదు, వాల్తేరు రైలు యార్డును. అతనికి విశాఖ అనేకసార్లు విహారస్థలమే కాదు. ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ పల్లెలనుంచి జబ్బుమనిషిని తీసుకొని కింగ్ జార్జి ఆసుపత్రికి వచ్చేవారు సముద్రాన్ని ఆసుపత్రి గుట్ట మీదినుంచి చూస్తారు. పెళ్లికి వచ్చినవాడు చూచే సముద్రం వేరు, చితాభస్మం కలపడానికి వచ్చినవాడు చూచే సముద్రం వేరు. వీరెవరూ ఎనిమిది గంటలకు మించి ఉండకపోవచ్చు. అయినా వీరి పూట, విహారనౌకవాని పూట ఒకే పూట కావు. ఇద్దరి చేతిలోనూ తిరుగుటిక్కెట్టు ఉన్నది. ఒకనికి అది ఉపశమనం, మరొకనికి గుబులు. ఈ రెండు తిరుగుటిక్కెట్లను ఒక కథలో పక్కపక్కన పెట్టగలవాడు మంచి కథకుడు.

ఇది సాహిత్యం కాదు, రైల్వే చరిత్ర అనే ఆక్షేపణ రావచ్చు. రేవునుంచి ఏటా ఎన్ని టన్నుల రాయి పోయినదో చెప్పినంత మాత్రాన కథ కాదు, నిజమే. అంకె ఎంత పెద్దదైనా దానికి నీడ పడదు. అందుకే గోపకుమారుని పద్ధతి కావలెను. అతడు అంకె అడగడు, వింత అడుగుతాడు. సముద్రం లేని ఊరిలో ఉప్పుబేరగాని పేరుమీద వీధి ఎందుకున్నది? తాతకు తెలుగు లిపి వచ్చి, మనుమనికి రాకపోయినా, ఇద్దరూ ఒకే పాట ఎట్లా పాడుతున్నారు? ఇటువంటి ప్రశ్న ఒకటి దొరికితే రాయి, రైలు, రేవు తమంతట తాము వెంట నడిచివస్తాయి.

దీనికి ఎదురుగా మరొక ప్రమాదం కూడా ఉన్నది. దాని విషయంలో జాగ్రత్త ఇంకా అవసరం. సౌందర్యాన్ని మాత్రమే చూచే నౌకావ్యాసానికి విరుగుడుగా, కష్టాన్ని మాత్రమే చూచే వ్యాసం పుట్టవచ్చు. ఓడ మీదివాడు కూలివానిని చిరునవ్వుగా మార్చినట్లే, ఇతడు అతనిని కన్నీరుగా మారుస్తాడు. రెండింటిలోనూ మనిషి నోరు విప్పడు. రావిశాస్త్రి పాత్రలను పాఠకుడు మరువలేకపోవడానికి కారణం వారి బాధ ఒక్కటే కాదు. వారి అబద్ధాలు, వారి గడుసుతనం, వారి తిట్లు. రాయపూర్ రైల్వే క్వార్టరులోని తెలుగు ముసలమ్మ కోడలిని తిట్టే భాషలో మూడు భాషల కలగలుపు ఉంటుంది. ఆ కలగలుపును యథాతథంగా పట్టుకోగల చెవి ఉన్న రచయితకు సానుభూతి ప్రకటించుకొనే పని ఉండదు.

భాష విషయంలో మరొక మాట. ఇట్లాంటి రచనను రాజమహేంద్రవరపు తెలుగులోనో, పాఠ్యపుస్తకాల తెలుగులోనో దిద్దితే ప్రాణం పోతుంది. వీరాస్వామి దాదాపు రెండువందల ఏండ్ల కిందటనే హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలను తడుముకోకుండా తెలుగు వాక్యంలో కలిపి వ్రాసినాడు; దుబాసి నోట నిత్యం పలికే మాటలవి. పండితులు ముఖం చిట్లించినా గ్రంథం నిలిచినది. రాయపూర్ తెలుగులో హిందీ క్రియ ఒకటి దూరితే సంపాదకులు దానిని కొట్టివేయనక్కరలేదు. అట్లాగే, అచ్చయ్యే చోటు కూడా దొరకవలెను. ఛత్తీస్‌గఢ్‌నుంచి వచ్చిన కథను ప్రవాసాంధ్రుల ప్రత్యేక సంచికకు అట్టిపెట్టి, మామూలు సంచికలో హైదరాబాదు, విజయవాడ కథలనే వేసే అలవాటు ఉన్నంతకాలం ఆ కథ అతిథిగానే ఉంటుంది. అతిథికి గౌరవం ఎక్కువ, మాట తక్కువ.

ఇంకొక కారణంచేత ఈ పని ఆలస్యం చేయదగినది కాదు. రాయపూర్‌నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారిని తలపెట్టి కట్టుతున్నారు. అది పూర్తిగా తెరిచిననాడు ఒక రాత్రి దూరం కొన్ని గంటల దూరమవుతుంది. బియ్యం, ఉక్కు, మనుషులు ఇంకా వేగంగా సముద్రం చేరుతారు, మేలే. కాని అటువంటి రహదారి ఊళ్ల పక్కనుంచి పోతుందికాని ఊళ్లలోనుంచి పోదు. నేలమీద నడిచే విహారనౌక అది. మధ్యలో మజిలీ ఉండదు.

పాసింజరు బండికి ఇంకా మజిలీలున్నవి. రాయపూర్‌లో ఎక్కినవాడు మహాసముంద్, బాగ్‌బహరా దాటేదాకా స్టేషను పలకలమీద నాగరి చదువుతాడు. ఖరియార్ రోడ్డు దగ్గర ఒరియా లిపి మొదలవుతుంది. కాంటాబాంజీ, తిత్లాగఢ్, కేసింగా, మునిగుడ, రాయగడ వరకు గుండ్రని అక్షరాలే. పార్వతీపురం దగ్గరికి వచ్చేసరికి పలకమీద తెలుగు కనిపిస్తుంది. అప్పటికి పెట్టెలో సగంమంది మారిపోయి ఉంటారు. పల్లీలు అమ్మేవాని కేక మూడుసార్లు మారి ఉంటుంది. బొబ్బిలి, విజయనగరం దాటిన తరువాతగాని గాలిలో ఉప్పు తెలియదు.